ప్రశ్నలకి రెండు నిమిషాలు

4, సోమవారం

శుక్రవారం పొద్దున పది గంటలకి, మొదటి సంవత్సరం వాళ్ళకి ప్రోగ్రామింగ్ ట్యుటోరియల్. వాళ్ళకి మొట్టమొదటి క్లాసు. చెప్పాల్సింది నేను.

తీసుకోవాల్సిన ఆయన వేరేచోట ఉద్యోగం దొరికి శనివారమే చెక్కేశాడట. మధ్యాహ్నం హెడ్ మేడమ్ గదికి పిలిపించారు. కాగితాల మీంచి తల కూడా ఎత్తకుండా, "ముప్పై ఆరుమంది. యాభై నిమిషాలు. కంప్యూటర్ ముట్టుకోనివాళ్ళు కూడా ఉంటారు. నువ్వు తీసుకో" అన్నారు.

"నాలుగు రోజులే ఉంది మేడమ్."

"నాలుగు రోజులు ఉంది" అన్నారావిడ. ఇంత పెద్ద యూనివర్సిటీలో నాలుగు రోజుల్ని ఎక్కువని అనగలిగేది ఈవిడొక్కరే.

తర్వాత తల ఎత్తారు. "లెక్చరర్ పోస్టుకి దరఖాస్తు పెడుతున్నావు కదా. నెలాఖరుకి నేను దాని మీద సంతకం చెయ్యాలి. ఈ అమ్మాయి క్లాసు చెప్పగలదు అని రాసి మరీ చెయ్యాలి. పోయినేడు నువ్వు క్లాసులో ఉన్నది పదకొండు నిమిషాలు. దాన్ని బట్టి ఏం రాయమంటావు?"

"అప్పుడు గొంతు పోయింది మేడమ్."

"ఇప్పుడు బాగానే ఉన్నట్టుందే."

బాగానే ఉంది. పోయినేడు గొంతు పోయింది, అంతే. పదకొండో నిమిషంలో పోయింది. గొంతు పోయాక అక్కడ నిలబడి ఏం చేస్తాం? బ్యాగు తీసుకుని బయటికొచ్చేశాను. ఒంట్లో బాగాలేదని కాగితం రాసిచ్చాను. మళ్ళీ క్లాసు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. దాని గురించి రాయడానికి ఇంకేం లేదు.

శుక్రవారం సరిగ్గా జరిగితే సంతకం, లేకపోతే లేదు. పది గంటల ముప్పైకి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటానని కూడా చెప్పారు. ముప్పై రెండేళ్ళొచ్చాయి నాకు. ఆరేళ్ళ పరిశోధన, అదంతా ఇప్పుడు ఒక్క యాభై నిమిషాల మీద వేలాడుతోంది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. మీటింగులు పోను, దిద్దాల్సిన ఎనభై జవాబు పత్రాలు పోను, నిద్ర పోను, నికరంగా మిగిలేది తొమ్మిది గంటలు. యాభై నిమిషాలకి తొమ్మిది గంటలు చాలు. ఎందుకు చాలవు.

మా ఆయన పని మీద ఊరెళ్ళారు, పదిహేనో తారీకు దాకా రారు. ఫోన్లో చెబితే "నీకేమే, అదరగొట్టేస్తావు" అన్నారు. ఏం చెప్పినా ఆయన మాట అదే. వంట మాడినా అదరగొట్టానంటారు.

5, మంగళవారం

మీటింగు రెండున్నర గంటలు సాగింది. కుర్చీలు కొనాలా వద్దా అని. తొమ్మిది గంటల్లోంచి ఒకటిన్నర అక్కడే హరించుకుపోయింది.

ప్లాను మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. నిమిషం నిమిషానికీ రాసుకున్నాను. సున్నా నుంచి రెండు: పలకరింపు. రెండు నుంచి అయిదు: ప్రోగ్రామ్ అంటే ఏమిటి. ఇలా నలభై ఎనిమిదో నిమిషం దాకా ఎక్కడా సందు లేదు. అరవై రెండు స్లైడులు. నలభై ఎనిమిది నుంచి యాభై దాకా ప్రశ్నలు.

ప్రశ్నలకి రెండు నిమిషాలు తక్కువేమీ కాదు. పిల్లలు మొదటి రోజు ఏం అడుగుతారు కనక? ముందు విషయం పూర్తిగా చెప్పాలి. పూర్తిగా చెబితే అడగడానికి ఏమీ మిగలదు. మంచి ట్యుటోరియల్ అంటే అదే.

మూడింటికి ఆఫీసు నుంచి పిల్లల జాబితా వచ్చింది. ఇరవై తొమ్మిదో నంబరు పక్కన చుక్క ఉంది. చుక్క అంటే పోయినేడు తప్పి మళ్ళీ చదువుతున్నవాళ్ళు. పేరు చూశాను. ఆ అమ్మాయే. మూడో వరుస, కిటికీ పక్కన, ముక్కు మీదకి జారిపోయే కళ్ళద్దాలు.

గుండెల్లో రాయి పడింది.

ఎందుకు పడాలి? ఆ పిల్లకీ నాకూ ఏముంది? పోయినేడు క్లాసులో ఉన్న ముప్పై నలభైమందిలో తనూ ఒకతి. నేను వెళ్ళిపోవడం ఆ గదిలో అందరూ చూశారు, తనొక్కతే కాదు. కానీ ఆ అందరూ ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నారు. శుక్రవారం ఆ గదిలో నన్ను అలా చూసినది తనొక్కతే ఉంటుంది. మిగతా ముప్పై అయిదుమందికీ చెబుతుంది. ఈపాటికి చెప్పే ఉంటుంది.

మంగళవారమే, సాయంత్రం

జ్వరం వచ్చో, బస్సు తప్పిపోయో ఆ ఒక్కరోజుకి రాకపోతే బాగుండు. ఛీ, ఏం మనిషిని.

6, బుధవారం

పొద్దున ల్యాబు చూడ్డానికి వెళ్ళాను. తాళాలన్నీ బాబాయ్ దగ్గరే ఉంటాయి. ప్రొఫెసర్ల దగ్గర్నుంచి పిల్లల దాకా అందరికీ ఆయన బాబాయే. ఇరవై ఏళ్ళుగా ల్యాబు చూసుకుంటున్నాడు, ఒక్కో మిషను జాతకం ఆయన నోట్లోనే ఉంటుంది.

"ఇవి ముప్పై ఆరు అనుకుంటున్నావేమో అమ్మా, కాదు, ఒక్కటే" అన్నాడు. పక్కగదిలో పెద్ద పెట్టె చూపించాడు. తెరలూ కీబోర్డులూ మాత్రమే ఇక్కడ, నడిచేదంతా ఆ పెట్టెలోనట. గోడ మీద స్లైడులు చూపించే మిషనూ, లైబ్రరీలో మిషన్లూ కూడా దానికే కలిపారట. "ఒకడు తుమ్మితే అందరికీ జలుబే. కాస్త చూసి నడిపించు."

సరే బాబాయ్ అన్నాను. నేను రాసింది ఏడు లైన్ల ప్రోగ్రాము. ఒకటి నుంచి పది దాకా అంకెలు వేస్తుంది. దానికి తుమ్మేంత సీను లేదు.

సాయంత్రం అత్తయ్యని ఎదురుగా కూర్చోబెట్టి రిహార్సల్ వేశాను. తప్పు చేశాను.

అత్తయ్య ముప్పై ఒక్కేళ్ళు రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్లు చెప్పి రిటైరయ్యారు. జనం ముందు మాట్లాడటం అంటే ఆవిడకి మంచినీళ్ళ ప్రాయం. చొక్కాకి గుండీ కుట్టుకుంటూ కూర్చున్నారు. నేను గోడ గడియారం చూసుకుంటూ మొదలుపెట్టాను. ఆరో నిమిషంలో అడ్డుపడ్డారు.

"మధ్యలో ఊపిరి ఎక్కడ పీలుస్తావే?"

"ప్లానులో చోటు లేదత్తయ్యా."

"రైలు కూడా స్టేషన్లో రెండు నిమిషాలు ఆగుతుంది. ఎక్కేవాళ్ళు ఎక్కాలి కదా. నువ్వు ఆగకుండా పోతుంటే ఎవరెక్కుతారు?"

"మీరు వినండి చాలు, ఎక్కక్కర్లేదు" అన్నాను. నవ్వి మళ్ళీ గుండీలో పడ్డారు. పన్నెండో నిమిషానికి ప్రోగ్రాము దగ్గరికొచ్చాను. అందులో ఒక లైను ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది గానీ, నా డైరీ నా ఇష్టం, తెలుగులో రాస్తున్నాను.

లెక్క = లెక్క + 1

అత్తయ్య సూది ఆపేశారు. "అదేంటే? లెక్కా, లెక్కకి ఒకటి కలిపితే వచ్చేదీ సమానం ఎలా అవుతాయి? అయిదూ, ఆరూ సమానమా?"

నేను అరిచాను. నిజంగా అరిచాను. "తెలియకపోతే ఊరికే ఉండలేరా! ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు!" అని. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన ఏడేళ్ళలో ఆవిడ మీద గొంతెత్తడం ఇదే మొదటిసారి.

అత్తయ్యకి కోపం రాలేదు. దారం కొరికి, చొక్కా మడత పెట్టి, నా వైపు తిరిగారు. "పోయినేడు నీ గొంతు పోయిందన్నావు చూడు, ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి పార్సిలు కుర్రాడితో వీధి దద్దరిల్లేలా పోట్లాడావు. అప్పుడే అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాపం ఆ గొంతేం చేసిందే నిన్ను?"

గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. ఇది నా కోసం రాసుకునే పుస్తకం, ఇందులో కూడా అబద్ధం రాస్తే ఇంక ఎక్కడ చెప్పను.

ఆ అమ్మాయి కూడా అదే అడిగింది. పోయినేడు, పదకొండో నిమిషంలో, చెయ్యెత్తి, "మేడమ్, లెక్కల్లో ఇది తప్పు కదా, ఇక్కడ ఎలా ఒప్పయింది?" అని. మంచి ప్రశ్న. పదమూడేళ్ళుగా ఆ లైను రాస్తున్నాను, ఒక్కసారీ దాన్ని చూసి ఆశ్చర్యపోలేదు. నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. నలభైమంది చూస్తున్నారు. నిశ్శబ్దం ఎంతసేపో తెలియదు. నాకు చదువు రాదని, ఇన్నేళ్ళూ అందర్నీ మోసం చేశానని, అది వీళ్ళకి తెలిసిపోయిందని అనిపించింది. గొంతు పట్టుకుని, సైగ చేసి, బయటికొచ్చాను.

జవాబు కారిడార్లోనే తట్టింది. అదేం కష్టమైంది కాదు. కుడివైపున ఉన్నది ముందు లెక్కగట్టి, వచ్చినదాన్ని ఎడమవైపు పేరున్న డబ్బాలో పెట్టమని దానర్థం. సమానం అని కాదు. రెండు ముక్కలు. వెనక్కి వెళ్ళి ఆ రెండు ముక్కలూ చెప్పొచ్చు. కాళ్ళు మాత్రం మెట్లు దిగిపోతూనే ఉన్నాయి.

7, గురువారం

ఈరోజు బాగా గడిచింది. పత్రాలు దిద్దడం మధ్యలో ఆపేసి కూర్చున్నాను. స్లైడులు అరవై రెండు నుంచి నలభై అయిదుకి తగ్గించాను. పిల్లలకి ఇచ్చే కాగితం కూడా తేలిక చేశాను. ఆ లైను మొదటి రోజు అవసరం లేదనిపించింది, తీసేశాను. మొదటిరోజే పిల్లల్ని అయోమయంలో పడెయ్యకూడదు. మెల్లగా రెండో వారంలో చెబుతాను. ఇది బోధనా పద్ధతి, దీనికీ నిన్న రాసినదానికీ సంబంధం లేదు.

ఏడు లైన్లలోంచి ఒకటి పోతే ఆరు. చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంది. జిరాక్సు షాపు మూసేస్తాడని పరిగెత్తి నలభై కాపీలు తీయించాను.

అత్తయ్యకి సారీ చెప్పాను. "సారీలు తర్వాత, ఈ కాస్త టీ తాగు, ముఖం పీక్కుపోయింది" అన్నారు.

8, శుక్రవారం, తొమ్మిదింపావు

నలభై కాపీలూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. గొంతు బాగానే ఉంది.

శుక్రవారం, సాయంత్రం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి పదిహేను నిమిషాలు ప్లాను ప్రకారం నడిచాయి. ఆ అమ్మాయి వచ్చింది. మూడో వరుస, కిటికీ పక్కన. పోయినేడు కూర్చున్న చోటే. నేను అటు చూడకుండా క్లాసంతా చూడటం నేర్చుకున్నాను. పదకొండో నిమిషం దాటినప్పుడు లోపల ఎవరో చప్పట్లు కొట్టినట్టయింది.

పదహారో నిమిషంలో కాగితాలు పంచాను. "ఉన్నది ఉన్నట్టు టైపు చేసి నడిపించండి. ఒకటి నుంచి పది దాకా అంకెలొస్తాయి" అన్నాను. పిల్లలు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. దాదాపు అందరూ ఒకేసారి నడిపించారు.

ముప్పై ఆరు తెరల మీదా ఒకటి పడింది. కింద ఇంకో ఒకటి. ఇంకో ఒకటి. ఒకటి, ఒకటి, ఒకటి, ఆగడం లేదు. వెనక వరసలో ఎవడో "మేడమ్, మాకు పది ఎప్పుడొస్తుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు తట్టింది.

అంకె పది దాకా పెరగాలంటే ఎవరో ఒకరు దానికి ఒకటి కలపాలి. కలిపే లైను అదొక్కటే. నిన్న నేను తీసేసింది అదే. తీసేశాక ఒక్కసారి కూడా నడిపించి చూడలేదు. ఒక్క అక్షరం మార్చినా మళ్ళీ నడిపించి చూడండి అన్నది మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పే మొదటి పాఠం. నా మూడో స్లైడులో కూడా ఉంది.

రెండు నిమిషాల్లో తెరలన్నీ బిగుసుకుపోయాయి. గోడ మీద నా స్లైడు కూడా. నలభై అయిదింటిలో పందొమ్మిదో స్లైడు, అక్కడే ఆగిపోయింది. పక్కగదిలోంచి బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేశారమ్మా! లైబ్రరీలో కూడా మిషన్లు పడుకున్నాయి, ఫోన్ల మీద ఫోన్లు!" నన్ను చూసి గొంతు తగ్గించాడు. "లేపడానికి అరగంట పడుతుంది" అని వెళ్ళిపోయాడు.

పది గంటల ఇరవై అయిదు. స్లైడులు లేవు, మిషన్లు లేవు, ప్లాను లేదు. ఇంకో అయిదు నిమిషాల్లో హెడ్ మేడమ్ వస్తారు. గదిలో నిశ్శబ్దం. ముప్పై ఆరుమందీ నన్నే చూస్తున్నారు. అదే నిశ్శబ్దం.

నా చెయ్యి బ్యాగు మీదకి వెళ్ళింది. ఇది రాయకూడదనుకున్నాను, కానీ వెళ్ళింది. పట్టీ వేళ్ళకి తగిలింది కూడా.

ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలని బ్యాగు వదిలి వరసల మధ్యకి నడిచాను. కాగితాలు చూస్తున్నట్టు నటిస్తూ మూడో వరుస దాకా వచ్చాను. ఆ అమ్మాయి కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళ సందులోంచి పెన్సిలు రాత కనిపించింది.

"ఏదీ, చూపించు."

చెయ్యి తీసింది. అయిదో లైనుకీ ఆరో లైనుకీ మధ్య సన్నగా, సరిగ్గా ఉండాల్సిన చోట, రాసి ఉంది. లెక్క = లెక్క + 1.

"ఇది ఎప్పుడు రాశావు?"

"కాగితం ఇవ్వగానే మేడమ్."

"మరి టైపు చెయ్యలేదేం?"

"ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నారు కదా."

"తప్పని తెలిసింది కదమ్మా. ఒక్క మాట అడగొచ్చు కదా నన్ను!"

కళ్ళద్దాలు పైకి తోసుకుంది. బల్ల మీద ఉన్న నా బ్యాగు వైపు ఒకసారి చూసి, చాలా చిన్నగా అంది. "అడిగితే మీరు మళ్ళీ వెళ్ళిపోతారేమోనని."

వెటకారం కాదు. వెటకారమైనా బాగుండేది. పడుకున్న మనిషి లేస్తాడేమోనని అడుగులో అడుగేసి నడిచే వాళ్ళ గొంతు అది. నా కోసం భయపడుతోంది ఆ పిల్ల.

"పోయినేడు నేను అడిగినందుకే మీకు ఒంట్లో బాగాలేకుండా అయిందని మా వాళ్ళందరూ అన్నారు మేడమ్. టీచర్ని తరిమేసిన పిల్ల అని పిలిచేవాళ్ళు. తర్వాత నేను ఇంకెప్పుడూ అడగలేదు."

"నా క్లాసు పోయింది కదా, ఇంకెవరినైనా అడగాల్సింది."

"ఎవర్నీ అడగలేదు మేడమ్. ఏ క్లాసులోనూ."

అలా తప్పిందా ఈ పిల్ల. ఏడాదంతా ఎవరి ముందు పరువు పోయిందా అని నేను కుమిలిపోయాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ తిరిగాను. ఈ పిల్ల ఇక్కడ నోరు కట్టేసుకుని కూర్చుందని ఒక్కరోజు, ఒక్క పూట నాకు తోచలేదు. నిన్నగాక మొన్న తనకి జ్వరం వస్తే బాగుండుననుకున్నాను. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

బోర్డు దగ్గరికి వెళ్ళాను. మాట వణికింది. వణికితే వణికింది.

"మీరు టైపు చేసిన దాంట్లో తప్పేం లేదు. తప్పు నా కాగితంలో ఉంది. ఒక లైను ఉండాలి, నేనే తీసేశాను. ఎందుకు తీసేశానో చెబుతాను. పోయినేడు ఇదే గదిలో ఈ అమ్మాయి ఆ లైను మీద ఒక ప్రశ్న అడిగింది. మంచి ప్రశ్న. నాకు వెంటనే జవాబు తట్టలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి, గొంతు పోయిందని వెళ్ళిపోయాను. గొంతు పోలేదు. ఈ అమ్మాయి ఎవర్నీ తరమలేదు. నేనే పారిపోయాను. మళ్ళీ ఎవరైనా అదే అడుగుతారని భయపడి లైను తీసేశాను. అందుకే లైబ్రరీలో కూడా మిషన్లు పడుకున్నాయి."

చెప్పడం అయ్యాక చూశాను. తలుపు దగ్గర హెడ్ మేడమ్ నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో. ముఖంలో ఏమీ లేదు. వెనక్కి వెళ్ళి కూర్చున్నారు.

ఇందాక పది గురించి అడిగినవాడే మళ్ళీ అడిగాడు. "ఇంతకీ ఆ ప్రశ్నేంటి మేడమ్?"

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. చాలాసేపు లేవలేదు. తర్వాత లేచి, బల్ల అంచు పట్టుకుని, అడిగింది. పోయినేడు అడిగిన మాటల్లోనే అడిగింది. అంటే ఏడాదిగా అలాగే దాచుకుంది. బోర్డు మీద ఒక చదరం గీసి, లోపల ఒకటి రాసి, చెరిపి రెండు రాసి చెప్పాను. అర్థమైందో లేదో అడిగితే, "చెరిపేసినప్పుడు ఆ పాత ఒకటి ఎక్కడికి పోతుంది మేడమ్?" అంది. ఇంకొకడు, "డబ్బాలో ఏమీ పెట్టకపోతే?" అన్నాడు. ఇంకొకరు. ఇంకొకరు. బాబాయ్ మిషన్లు లేపి వచ్చేసరికి పదకొండయింది. ఎవరూ తెరల వైపు చూడలేదు.

మూడు ప్రశ్నలకి సరిగ్గా జవాబు చెప్పాను. ఇంకో రెండు ప్రశ్నలకి కనుక్కుని చెబుతానన్నాను. హెడ్ మేడమ్ లేచి వెళ్ళిపోయారు.

9, శనివారం

రోజంతా పడుకున్నాను. అత్తయ్య అడగలేదు, నేను చెప్పలేదు. టీ మాత్రం నాలుగుసార్లు ఇచ్చారు.

11, సోమవారం

హెడ్ మేడమ్ పిలిచారు. కుర్చీ చూపించారు, ఇదివరకెప్పుడూ చూపించలేదు.

"పోయినేడు నువ్విచ్చిన కాగితం నా ఫైల్లో ఉంది. ఒంట్లో బాగాలేదని. దాన్ని నమ్మి నేను పైవాళ్ళకి రాశాను. మొన్న నా చెవులతో విన్నాక ఈ ఏడాది నీ దరఖాస్తు మీద సంతకం చెయ్యలేను. అర్థమైందా?"

అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైంది. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ చెయ్యను. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకో ఏడాది ఆగాలి. ఆ పోస్టు వచ్చే ఏడాది ఉంటుందో లేదో ఎవరికి తెలుసు. ఆరేళ్ళు దీని కోసమే చూశాను. నోరు మూసుకుని ఉంటే, మిషన్లు పాడయ్యాయని చెప్పి బయటపడి ఉంటే, ఈపాటికి సంతకం నా చేతిలో ఉండేది. ఇది కూడా అనుకున్నాను. అనుకోలేదని రాయను.

లేచి తలుపు దాకా వచ్చాక, "శుక్రవారం క్లాసు ఎవరు తీసుకుంటారు మేడమ్?" అని అడిగాను. అడగడానికి ధైర్యం ఎక్కడిదో తెలియదు.

"నువ్వే. ఇంకెవరున్నారు?" అని కాగితాల్లోకి తల దించేశారు. తర్వాత, తల ఎత్తకుండానే, "ప్లాను పంపించావు కదా నాకు. ప్రశ్నలకి రెండు నిమిషాలని ఉంది. మార్చు" అన్నారు.

ఇంటికొచ్చి అత్తయ్యకి అంతా చెప్పాను. ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను కూడా. అత్తయ్య జుట్టు సవరిస్తూ, "ఒకసారి నేను బండి రెండో ప్లాట్‌ఫారం మీదని చెప్పాల్సింది మూడని చెప్పానే. మూడొందలమంది మూటలు మోసుకుని మెట్లెక్కి దిగారు. మైకులో తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఆ బండి వెళ్ళేదాకా గదిలోంచి బయటికి రాలేదు" అన్నారు.

"తర్వాత?"

"తర్వాతేముంది, వాళ్ళు నన్ను తిట్టుకుంటూ పోయారు. నేను ఇప్పటికీ నన్ను తిట్టుకుంటున్నాను. నువ్వు నయం, చెప్పేశావు."

12, మంగళవారం

మూడు గంటలకి గది తలుపు ఎవరో తట్టారు. ఆ అమ్మాయి. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. "ఖాళీగా ఉన్నారా మేడమ్?"

ఖాళీ లేదు. ముప్పై పత్రాలు దిద్దాల్సినవి ఇంకా ఉన్నాయి. ఉన్నానన్నాను.

సంచిలోంచి లావుపాటి నోట్‌బుక్ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అట్ట మూలలు చిరిగి ఉన్నాయి. తెరిచాను. పేజీ పైన తేదీ, సబ్జెక్టు పేరు, కింద ఒక ప్రశ్న. ప్రశ్న కింద అరపేజీ ఖాళీ. తర్వాతి పేజీ కూడా అంతే. ఆ తర్వాతదీ. మొదటి తేదీ పోయినేడు నేను మెట్లు దిగిపోయిన రోజుకి మర్నాడు. లెక్కలవి ఉన్నాయి, భౌతికశాస్త్రానివి ఉన్నాయి, ఇంగ్లీషువి కూడా. పుస్తకం చివరిదాకా ఉన్నాయి. ఒక్కదాని కిందా జవాబు లేదు.

"క్లాసులో అడగాలనిపించినప్పుడల్లా ఇందులో రాసుకున్నా మేడమ్" అంది. "అన్నీ మీ సబ్జెక్టువి కావు."

నాకు కాసేపు అక్షరాలు కనపడలేదు. కళ్ళు తుడుచుకుని మొదటి పేజీ చదివాను. రెండుసార్లు చదివాను. నాకు తెలియదు.

"దీనికి నాకు జవాబు తెలియదమ్మా" అన్నాను.

నా ముఖంలోకి, తర్వాత బల్ల పక్కనున్న బ్యాగు వైపు, మళ్ళీ నా ముఖంలోకి చూసింది. నేను కదల్లేదు. అప్పుడు మెల్లగా చెయ్యి చాపి పేజీ తిప్పింది.

"రెండోది అడగనా మేడమ్?"

కూర్చోమన్నాను.